డివిస్ ఫ్లాట్స్ కింద పోయిన వీధుల్ని పటం మీద ఎలా గుర్తించాలి?

ఉత్తర ఐర్లాండ్‌లోని బెల్‌ఫాస్ట్ చరిత్ర తెలిసినవాళ్ళు కాస్త దారి చూపండి. లోయర్ ఫాల్స్‌లోని పౌండ్ లోనీ అనే కాథలిక్ కార్మికవాడను పడగొట్టి, 1966–72 మధ్య డివిస్ ఫ్లాట్స్ కట్టారు: ఎనిమిదంతస్తుల బ్లాకులు 12, ఇరవై అంతస్తుల టవరు ఒకటి. ఇవాళ టవరొక్కటే మిగిలింది. దాని పై రెండంతస్తుల్లో ఉన్న సైనిక కాపలా స్థావరాన్ని 2005లో తీసేశారు.

ఏ వీధి ఏ బ్లాకు కిందికి పోయిందో తేలాలి. పాత ఆర్డ్‌నెన్స్ సర్వే (ప్రభుత్వ సర్వే సంస్థ) పటాన్ని కొత్తదాని మీద పరిస్తే, ఒక్క గుర్తుతో పటం పక్కకు తిరిగిపోతుంది. కదలనివి మూడు నాలుగైనా కావాలి. సెయింట్ పీటర్స్ చర్చి జంట శిఖరాలు నిక్కచ్చిగా కుదురుతాయి. తూర్పు అంచునే వెస్ట్‌లింక్ రోడ్డు మింగేసింది. అక్కడ దేన్ని పట్టుకోవాలి?

రెండోది, అసలు ముఖ్యమైనది: ఆ వీధుల్లో ఏ మతంవాళ్ళు ఉండేవారు, ఎటు తరలారు? వీధి డైరెక్టరీల్లో ఇంటి పెద్ద పేరూ వృత్తీ ఉంటాయి, మతం ఉండదు. 1911 జనగణనలో మనిషి మనిషికీ మతం రాశారు గానీ, 1969 కాథలిక్–ప్రొటెస్టెంట్ అల్లర్లప్పుడు ఎవరు ఎక్కణ్ణుంచి ఎక్కడికి తరలారో దాంతో తెలీదు. పేర్లను బట్టి మతం ఊహించడం తప్పుదారి పట్టిస్తుంది. హౌసింగ్ ట్రస్టు (ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ) ఇళ్ళ కేటాయింపు రిజిస్టర్లు పబ్లిక్ రికార్డ్ ఆఫీసులో చూడనిస్తారా? లేకపోతే చర్చి బాప్టిజం పుస్తకాల్లోని చిరునామాలు సరిపోతాయా?