సీతాకోకచిలుకలు తోటలో నిలవాలంటే ఏ పూలమొక్కలు పెంచాలి?

ప్రశ్న:
రెండేళ్లుగా పెరట్లో గులాబీ, ముద్దబంతి, ముద్దమందారం పెంచుతున్నాను. మొక్కలు విరగబూస్తున్నా సీతాకోకచిలుకలు ఒకసారి వాలి వెంటనే వెళ్లిపోతున్నాయి. నిమ్మమొక్క లేతాకులను గొంగళిపురుగులు తినేస్తున్నందున పదిహేను రోజులకొకసారి వేపనూనె పిచికారీ చేస్తున్నాను. ఇంకా ఏయే పూలమొక్కలు నాటితే బాగుంటుందో దయచేసి తెలియజేయండి.

జవాబు 1:
ముందుగా ఆ పిచికారీ ఆపండి. నిమ్మాకు తినే ఆ పురుగులు చిన్నప్పుడు పిట్టరెట్టలా కనిపించి, పెరిగాక ఆకుపచ్చగా మారుతున్నట్లయితే, మీరు చంపుతున్నవి మీరు ఎదురుచూస్తున్న సీతాకోకచిలుకలనే. ఇక ముద్దపూల సంగతి: వాటిలో కేసరాలు చాలావరకు రేకులుగా మారిపోవడం వల్ల తేనె తక్కువగా ఉంటుంది, ఉన్న కాస్త తేనె కూడా ఆ రేకుల గుబురు దాటి తొండానికి అందదు. వాటి పక్కనే రేకబంతి, ఒంటిరేకల జినియా, పెంటాస్, నూరువరహాలు నాటండి. నూరువరహాల పువ్వు సన్నని గొట్టంలా ఉండి, పొడవైన తొండం గల సీతాకోకచిలుకలకు చక్కగా అమరుతుంది.

జవాబు 2:
పై సలహాతో ఏకీభవిస్తూనే ఒక మాట చేర్చాలి. నిమ్మమొక్క చిన్నదైతే పదిపన్నెండు పురుగులు చేరినా మోడుగా మిగులుతుంది. అప్పుడు కొన్నింటిని ఆకుతో సహా తుంచి కరివేపాకు చెట్టు మీదికి చేర్చండి. రెండూ ఒకే కుటుంబానికి చెందినవి కనుక అవి అక్కడా పెరుగుతాయి. నా అభిప్రాయంలో తేనె ఇచ్చే పూలకంటే గొంగళిపురుగులకు ఆకునిచ్చే మొక్కలే ముఖ్యం, ఎందుకంటే తల్లి తన పిల్లలు తినగలిగే ఆకును వెతికి మరీ గుడ్లు పెడుతుంది. ప్లెయిన్ టైగర్ అనే నారింజరంగు సీతాకోకచిలుకకు జిల్లేడు, లేతపసుపు రంగు ఎమిగ్రెంట్‌లకు రేల అటువంటివి. జిల్లేడు పాలు కంటిలో పడితే ప్రమాదం కనుక, పసిపిల్లలు తిరిగేచోట దానిని నాటవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం పరిశీలించగా నిమ్మాకుల మీద పిట్టరెట్టల వంటివే మూడు కనిపించాయి. ఇన్నాళ్లూ తెలియక చంపినందుకు బాధగా ఉంది. నా పూలకుండీలు గోడనీడలో ఉన్నాయి, ఫరవాలేదా?

జవాబు 3:
ఎండలోకి మార్చండి. సీతాకోకచిలుకలకు ఒంట్లో తగినంత వేడి చేరితేగాని ఎగరడం సాధ్యం కాదు, అందుకే పొద్దుటిపూట రెక్కలు విప్పి ఎండ కాగుతాయి. గాలి విసురు తగలని మూల అయితే మరీ మంచిది. వెడల్పాటి పళ్లెంలో మట్టి పోసి ఎప్పుడూ తడిగా ఉంచితే, ముఖ్యంగా మగవి అక్కడ చేరి అందులోని లవణాలను పీల్చుకుంటాయి. చోటుంటే గిలిగిచ్చ కూడా వేయండి. దాని వాడిన కొమ్మలను పీకివేయకుండా వదిలితే, మగ ప్లెయిన్ టైగర్‌లు ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకోవడానికి ఆ రసం కోసమే వస్తాయి.