ఆసుపత్రిలో చేసిన స్ట్రెస్ టెస్టుకు 93015 బిల్లింగ్ కోడ్ వేయవచ్చా?

ప్రశ్న:
నేను అమెరికాలోని ఒక కార్డియాలజిస్టుకు బిల్లింగ్ చేస్తున్నాను. ఆసుపత్రి ఔట్‌పేషెంట్ విభాగంలో ఆయన దగ్గరుండి చేయించి, రిపోర్టు కూడా తానే రాసిన ట్రెడ్‌మిల్ పరీక్షకు మేము 93015 వేసి పంపిన క్లెయిమ్ తిరస్కరణకు గురైంది. దానికి 26 మాడిఫయర్ (డాక్టరు పని భాగానికి మాత్రమే బిల్లు అని తెలిపే గుర్తు) జోడించి మళ్లీ పంపితే సరిపోతుందా?

జవాబు 1:
సరిపోదండి. 93015 అనేది పర్యవేక్షణ, ఈసీజీ ట్రేసింగ్, విశ్లేషణ, రిపోర్టు అన్నీ కలిసిన సీపీటీ కోడ్ (అమెరికాలో వైద్య సేవల బిల్లింగ్‌కు వాడే సంఖ్య) కనుక, యంత్రమూ సిబ్బందీ డాక్టరుగారి క్లినిక్‌వే అయినప్పుడే అది వర్తిస్తుంది. ఇక్కడ ట్రేసింగ్ ఆసుపత్రిది కాబట్టి 93017 వారు వేసుకుంటారు. మీరు పర్యవేక్షణకు 93016, విశ్లేషణకూ రిపోర్టుకూ కలిపి 93018 వేయాలి. ఈ కోడ్‌లు ముందే విడగొట్టి ఉన్నందున 26కు గానీ, టీసీ (యంత్రం, సిబ్బంది భాగానికి వాడే) మాడిఫయర్‌కు గానీ చోటు లేదు.

జవాబు 2:
పై జవాబు సరైనదే. అయితే క్లెయిమ్ పంపే ముందు రికార్డు తెరిచి చూడండి. ట్రేసింగ్ కాగితం అంచున ‘నార్మల్’ అని రాసి సంతకం పెట్టినంత మాత్రాన అది 93018కి కావలసిన రిపోర్టు కాదు. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకోవడం నాకు ఆందోళన కలిగిస్తుంది.

ప్రశ్న వేసినవారు:
ధన్యవాదాలు. మరి ఆసుపత్రిలో తీసిన ఎకోకు (గుండె అల్ట్రాసౌండ్ స్కాన్‌కు)?

జవాబు 1:
దాని కోడ్ అలా విడగొట్టి లేదు కాబట్టి 26 వర్తిస్తుంది. రక్త ప్రవాహాన్ని చూపే డాప్లర్, కలర్ ఫ్లో రెండూ ఉన్న పూర్తి ఎకోకు 93306 వేసి 26 జోడించండి. అవి రెండూ అందులోనే కలిసి ఉన్నందున డాప్లర్‌కు 93320, కలర్ ఫ్లోకు 93325 విడిగా వేయకూడదు.