దేవుని మాటకు లోబడటం స్వేచ్ఛా, బరువా?

అల్వాల్ అకౌంటెంట్:
అందరికీ వందనాలు. మొన్న ఇంటి కూటంలో ఒక తమ్ముడు అడిగాడు, "క్రైస్తవుడంటే అన్నీ మానుకోవడమేనా" అని. నా సంగతి చెబుతాను. కూకట్‌పల్లిలో ఒక బిల్డర్ దగ్గర లెక్కలు చూసేవాడిని. రాని సిమెంటుకు బిల్లు రాయమన్నారు, రాయనన్నాను. ముందు ఇంక్రిమెంట్ పోయింది, తర్వాత ఉద్యోగమే పోయింది. కానీ ఉన్నన్నాళ్లూ ఆడిటర్ వస్తున్నాడంటే పక్క సీట్లలో చెమటలు పట్టేవి, నాకు ఏ ఫైలూ దాచే పని ఉండేది కాదు. "ఆయన ఆజ్ఞలు భారమైనవి కావు" అన్న 1 యోహాను 5:3 నాకు ఆ ఆఫీసులోనే అర్థమైంది.

నాచారం చెల్లి:
మంచిదే బ్రదర్. మా అక్క సంగతి కూడా వినండి. పెళ్లయి మల్కాజిగిరి వెళ్లింది. చెవులకు కమ్మలున్నాయని అక్కడి పాస్టర్‌గారు ఆమెకు ప్రభువు బల్ల, అంటే ఆరాధనలో పంచే రొట్టె, ద్రాక్షారసం, ఇవ్వలేదు. రొట్టె పళ్లెం ఆమెను దాటించి పక్కావిడకు ఇచ్చారు, అందరూ చూస్తుండగా. అవి మా అమ్మ పోయేముందు ఇచ్చిన కమ్మలు. నా కాడి సుళువైనదని యేసు చెప్పింది ఇదేనా?

ఉప్పల్ విశ్వాసి:
1 పేతురు 3:3 చదవండి సిస్టర్. బంగారునగల గురించి స్పష్టంగా ఉంది.

నాచారం చెల్లి:
చదివాను. జడలు అల్లుకోవడం, వస్త్రాలు ధరించుకోవడం కూడా అదే వచనంలో ఉన్నాయి. వాటినీ మానేయమంటారా?

సీఎస్ఐ కుర్రాడు:
మా సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చిలో పెళ్లికి తాళి కడతారు. ఎవరూ ఏమీ అనరు.

ఉప్పల్ విశ్వాసి:
అందుకే మీ చర్చిలు అలా ఉన్నాయి.

మోడరేటర్:
సంఘాల మీద మాటలు వద్దు.

అల్వాల్ అకౌంటెంట్:
కమ్మల దగ్గరే ఆగిపోతున్నాం. అపొస్తలుల కార్యములు 15 చూడండి. అన్యజనుల్లోంచి (యూదులు కానివాళ్లలోంచి) వచ్చినవాళ్లు సున్నతి చేయించుకోవాల్సిందేనని కొందరు పట్టుబడితే, మన పితరులూ మనమూ మోయలేని కాడిని వీళ్ల మెడ మీద ఎందుకు పెడతారని పేతురు నిలదీశాడు. చివరికి యెరూషలేము పెద్దలు మానుకోమని రాసి పంపింది నాలుగే: విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి, జారత్వం. సున్నతి భారం మోపలేదు, జారత్వానికి మాత్రం సందు ఇవ్వలేదు. దేవుడు అడిగేది ఒకటి, మనుషులు కలిపేది ఇంకొకటి.

నాచారం చెల్లి:
మీరు కాదన్నది ఒక్క మేనేజర్‌ని. మా అక్క కాదనాల్సింది పాస్టర్‌ని, అత్తగారిని, భర్తని. మీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుంది, ఆమెకు ఇంకో ఇల్లు దొరుకుతుందా? ఆ పాస్టర్‌గారు హెబ్రీయులకు 13:17 తీసి మరీ చదివారు, "వారి మాట విని, వారికి లోబడియుండుడి" అని. మీరు చెప్పే స్వేచ్ఛ మగవాళ్లకే చెల్లుతుంది.

ఉప్పల్ విశ్వాసి:
రాసి ఉన్నదే చదివారు కదా. కాపరి మాట విననప్పుడు సంఘం ఎందుకు? ఎవరికి నచ్చింది వాళ్లు దేవుని మాట అంటే ఎక్కడ ఆగుతుంది?

అల్వాల్ అకౌంటెంట్:
బ్రదర్, అదే పేతురు పెద్దలకు ఏం రాశాడు? అప్పగింపబడినవారి మీద "ప్రభువులైనట్టుండక మందకు మాదిరులుగా ఉండుడి" అని, 1 పేతురు 5:3లో. కాపరి మాట వాక్యంతో కలిసినంతవరకు తల వంచుతాను. కలవకపోయినా వంచమంటే, మా మేనేజర్ రాయమన్న బిల్లుకూ దానికీ తేడా ఏముంది? సిస్టర్, మగవాళ్లకే అన్నారు, ఒప్పుకోను. మీ అక్కను బల్లకు దూరం చేసింది దేవుని ఆజ్ఞ కాదు.

నాచారం చెల్లి:
కాదని నాకూ తెలుసు. అయినా ఏడుస్తున్నది ఆమె. వచ్చే ఆదివారం కమ్మలు తీసి వెళ్లాలా, పెట్టుకుని వెళ్లాలా? అది చెప్పండి.

ఉప్పల్ విశ్వాసి:
తీసి వెళ్లాలి. చిన్న విషయం, సమాధానంగా పోతుంది.

అల్వాల్ అకౌంటెంట్:
పెట్టుకునే వెళ్లమనండి. బల్ల ఇవ్వకపోతే మా సంఘానికి రమ్మనండి. మల్కాజిగిరి నుంచి అల్వాల్ ఎంత దూరం?

నాచారం చెల్లి:
దూరం సంగతి కాదు బ్రదర్. ఆదివారం పూట ఆ ఇంట్లోంచి ఆమెను వేరే చర్చికి ఎవరు పంపుతారు?