పాత ల్యాప్‌టాప్‌లో పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ మింట్ మొదలుకావడం లేదు, దారి చూపండి

నమస్కారం. మాది తిరుపతి. మా చెల్లెలు డిగ్రీ చదువుకు వాడే ల్యాప్‌టాప్ 2011 నాటిది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో మద్దతు ఆగిపోయింది, విండోస్ 11ను ఈ యంత్రం మోయలేదు. అందుకే విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్ మింట్ ఐఎస్ఓ ఫైలును (మొత్తం సిస్టమ్ ఇమిడి ఉన్న ఒకే ఫైలు) దించుకుని, బూట్ పెన్‌డ్రైవ్ తయారుచేసే రూఫస్ అనే సాఫ్ట్‌వేర్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. బూట్ మెనూలో (కంప్యూటర్ దేని నుంచి మొదలుకావాలో ఎంచుకునే జాబితా) దాని పేరు కనిపిస్తోంది. ఎంచుకోగానే నల్లని తెర, ఎడమ మూలన మిణుకుమనే చిన్న గీత. అరగంట కూర్చున్నా అంతే. అదే పెన్‌డ్రైవ్ పక్కింటివారి కొత్త కంప్యూటర్‌లో చక్కగా తెరుచుకుంది!

రూఫస్‌లో నేను జీపీటీ (కొత్త తరహా డిస్కు విభజన పద్ధతి) ఎంచుకున్నాను. ఈ ల్యాప్‌టాప్‌లో యూఈఎఫ్ఐ (కంప్యూటర్‌ను మొదలుపెట్టే కొత్త తరహా ప్రోగ్రామ్) లేదు, అదే పని చేసే పాత బయోసే. ఎంబీఆర్‌తో (పాత తరహా విభజన పద్ధతి) మళ్లీ రాస్తే సరిపోతుందా, డీడీ పద్ధతి (ఐఎస్ఓను ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లోకి నకలు చేయడం) వాడాలా? చెల్లెలి ప్రాజెక్టు ఫైళ్లన్నీ హార్డ్‌డిస్కులోనే ఉన్నాయి. వాటిని ముట్టుకోకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూడాలి. తెలిసినవారు దయచేసి చెప్పండి.