మూడోసారి ఆపరేషన్‌కు వెళ్లాలా, దారంతోనే బతకాలా? – ఫిస్టులాపై చర్చ

ఖమ్మం మాస్టారు (చర్చ ప్రారంభం)

సభ్యులందరికీ నమస్కారం. నేను ఉన్నత పాఠశాలలో గణితం బోధిస్తాను, వయసు 43 సంవత్సరాలు. నాలుగేళ్ల క్రితం మలద్వారం పక్కన లేచిన గడ్డను సెగ్గడ్డే అనుకుని ఊళ్లోనే కోయించుకున్నాను. అది మానినట్టే మాని, రెండు నెలలకు అదే చోట ఒక చిన్న రంధ్రాన్ని మిగిల్చి, రోజూ కొద్దికొద్దిగా చీము కారడం మొదలైంది. మావైపు పెద్దలు దీన్ని లూటీ అంటారు, ఆయుర్వేదం భగందరం అంటుంది, ఆస్పత్రి కాగితాల మీద ఫిస్టులా అని రాస్తారు; మలద్వారం లోపలి నుంచి బయటి చర్మం దాకా చీము చేసుకున్న సొరంగం అన్నమాట. మొదటి ఆపరేషన్ చేసిన ఏడు నెలలకు తిరగబెట్టింది. రెండోసారి ఎం.ఆర్.ఐ. తీయించి, మలాన్ని ఆపే కండరాన్ని కోయకుండా రెండు కండరాల మధ్య సొరంగాన్ని కట్టివేసే లిఫ్ట్ పద్ధతిలో చేయించుకుంటే అదీ నిలవలేదు. ఇప్పుడు సొరంగం గుండా చీము లోపల నిలవకుండా సీటన్ అనే సిలికాన్ దారం వదులుగా కట్టి ఉంది.

లోపలి పొరను కొంత కిందికి జరిపి లోపలి ద్వారాన్ని మూసే ఫ్లాప్ ఆపరేషన్ చేద్దామని సర్జన్ గారు అంటున్నారు. మానే అవకాశం నూటికి అరవై అనీ, మలాన్ని, గాలిని ఆపుకునే పట్టు తగ్గే ప్రమాదం తక్కువే గానీ అసలు లేదని మాత్రం చెప్పలేననీ ఆయన నిజాయితీగా చెప్పారు. మా పెదనాన్నగారి అబ్బాయి క్షారసూత్రం, అంటే ఆయుర్వేదంలో మందు పూసిన దారం, కట్టించుకోమని పట్టుబడుతున్నాడు. మా ఆవిడ మాత్రం, "నొప్పి లేదు, జ్వరం లేదు, బడికి వెళ్లి వస్తున్నారు, దాన్ని అలాగే ఉండనివ్వండి" అంటోంది.

బడికి వెళ్లి వస్తున్న మాట నిజమే. అయితే ఎలా వెళ్లి వస్తున్నానో ఆమెకు పూర్తిగా తెలియదు. నాలుగు మడతలు పెట్టిన గాజుగుడ్డను లోపల పెట్టుకుని వెళ్తాను. ఇంటర్వెల్ గంట కొట్టగానే గడియ లేని మరుగుదొడ్డిలో ఒక చేత్తో తలుపు పట్టుకుని రెండో చేత్తో దాన్ని మార్చుకుంటాను. బోర్డు వైపు తిరిగి లెక్క రాస్తున్నప్పుడు వెనుక పిల్లలు నవ్వితే, అది వాళ్ల ముచ్చటకేనని తెలిసినా, చెయ్యి ఒక్క క్షణం ఆగిపోతుంది. ముదురు రంగు ప్యాంట్లు తప్ప వేరేవి వేసుకుని నాలుగేళ్లయింది. ఇలాంటి స్థితిలో అరవై శాతం ఆశ కోసం ఉన్న పట్టును పణంగా పెట్టవచ్చా? అనుభవం ఉన్నవారు, వైద్యులు మీ అభిప్రాయం చెప్పగలరు.

శల్యతంత్ర వైద్యుడు, విజయవాడ

మాస్టారూ, మీ అన్నగారి మాటను తేలిగ్గా తీసుకోవద్దని మనవి. సుశ్రుతుడు భగందరాన్ని అష్ట మహాగదాలలో, అంటే కష్టసాధ్యమైన ఎనిమిది వ్యాధులలో చేర్చాడు. ఆయన చెప్పిన క్షారసూత్రాన్ని 1960ల నుంచి కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఆచార్య పి.జె. దేశ్‌పాండే గారి బృందం నేటి వైద్యశాలకు తగినట్టు తీర్చిదిద్దింది. నార దారానికి జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు కలిపి 21 పూతలు పూసి ఆరబెడతాము. ఆ దారాన్ని సొరంగంలో కట్టి వారానికోసారి మారుస్తూ ఉంటే అది రోజురోజుకూ కొద్దికొద్దిగా కోస్తుంది, ఆ వెనుకే పుండు మానుతూ వస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి అనేక కేంద్రాలలో జరిపించి 1991లో ప్రచురించిన పోలికలో, క్షారసూత్రం కట్టించుకున్నవారిలో తిరగబెట్టినది 4 శాతం, శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 11 శాతం. మానడానికి మాత్రం శస్త్రచికిత్సలో నాలుగు వారాలు పడితే దీనిలో ఎనిమిది వారాలు పట్టింది. మన దేశంలోనే, మన రోగులపైనే జరిగిన ఈ పరిశీలనను పట్టించుకోకుండా, మూడోసారి అదే కత్తి కిందికి వెళ్లమనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

విశ్రాంత సర్జన్, గుంటూరు

పై వైద్యుల వారు చెప్పిన అంకెలు సరైనవే, వాటిని నేను గౌరవిస్తాను. ఆ పద్ధతిని పనికిరానిదిగా కొట్టిపారేసే నా తోటి సర్జన్లతో కూడా నాకు ఏకీభావం లేదు. కానీ ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. క్షారసూత్రం నెమ్మదిగా కోస్తుంది నిజమే, కానీ కోస్తుంది. తన దారిలో ఉన్న కండరాన్ని కూడా కోస్తుంది. వెనుకే మచ్చకట్టి అతుక్కుంటూ రావడం వల్ల కండరం కొసలు దూరంగా విడిపోవన్నది దాని బలం. సొరంగం కండరం అడుగు భాగం నుంచే పోతుంటే ఆ బలం చాలు. అలాంటివాటిని మేము ఒక్క కోతతో తెరిచినా నూటికి తొంభైకి పైగా మానిపోతాయి. మాస్టారి సమస్య అక్కడ లేదు. ఆయన సొరంగం బయటి కండరంలో ఎంత ఎత్తున పోతోంది, పక్కకు కొమ్మలు వేసిందా, వెనుక గుర్రపు నాడా ఆకారంలో చుట్టు తిరిగిందా అన్నవి తేలకుండా దారమని గానీ కత్తి అని గానీ ఎవరూ సలహా ఇవ్వకూడదు. 1991 నాటి ఆ పరిశీలనకు ఎం.ఆర్.ఐ. సాయం లేదు, లిఫ్ట్ పద్ధతి అప్పటికి పుట్టనేలేదు. అది 2007లో థాయిలాండ్ నుంచి వచ్చింది.

ఫిస్టులా ఎందుకు తిరగబెడుతుందో కూడా చెబుతాను. మలద్వారం లోపల, రెండు కండర వలయాల మధ్య చిన్న గ్రంథులు ఉంటాయి. వాటిలో ఒకటి చీముపట్టి, ఆ చీము చర్మం వైపు దారి చేసుకోవడమే ఈ వ్యాధి. బయటి రంధ్రాన్ని ఎంత శుభ్రం చేసినా, లోపలి ద్వారం దొరకకపోతే, లేదా ఒక పక్క కొమ్మ మిగిలిపోతే అది మళ్లీ వస్తుంది. అందువల్ల రెండుసార్లు విఫలమైన తరువాత ఏ ఆపరేషన్ అన్న ప్రశ్నకంటే ముందు, ఏది మిగిలిపోయింది అన్న ప్రశ్న రావాలి. కొత్తగా ఎం.ఆర్.ఐ. తీయించి, దాన్ని తరచూ చదివే రేడియాలజిస్టు చేత చదివించండి.

ఇక ఆ అరవై శాతం మాట. అది ఎవరి అరవై? మొదటిసారి చేయించుకున్నవారిదా, మీలా రెండుసార్లు విఫలమైనవారిదా? ఆరు నెలలు చూసి లెక్కించినదా, మూడేళ్లు చూసినదా? అన్నిటికీ మించి, మీకు చేయబోయే సర్జన్ సొంత అనుభవంలో ఎంత? ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి ఇదే జబ్బు వచ్చినప్పుడు, ఆయన సర్జన్ ఫెలిక్స్ కొన్ని నెలల పాటు పేద రోగుల మీద సాధన చేసి, ఆ తరువాతే 1686 నవంబరు 18న రాజును ముట్టుకున్నాడు. ఆ పేదల సంగతి తలచుకుంటే ఈనాటికీ నాకు బాధ కలుగుతుంది. రోగి తన సర్జన్‌ను "మీరు ఇలాంటివి ఎన్ని చేశారు, ఎన్ని నిలిచాయి" అని అడగడం అవమానించడం కాదు. నా సర్వీసులో అలా అడిగినవారు పదిమంది కూడా లేరు, అడిగితే నేను మరింత జాగ్రత్తగా ఉండేవాడినని ఇప్పుడు అనిపిస్తుంది.

భీమవరం సభ్యురాలు

అన్నయ్యగారూ, నేను ఆరేళ్లుగా వదులు దారంతోనే ఉన్నాను, కనుక మీ ఇంటావిడ పక్షాన కొంత మాట్లాడతాను. నా రెండో కాన్పు తరువాత ముందువైపున వచ్చింది. ఆడవాళ్లకు ముందువైపు ఆ కండరం సన్నగా, పొట్టిగా ఉంటుందనీ, అక్కడ కోత పడితే తరువాత పశ్చాత్తాపపడవలసి రావచ్చనీ డాక్టరమ్మ బొమ్మ గీసి చూపించారు. ఒకసారి ఫ్లాప్ వేశారు, నిలవలేదు. రెండోసారి అడిగితే నేనే వద్దన్నాను.

దారం ఉన్నంతకాలం సొరంగం మూసుకోదు, మూసుకోదు కనుక చీము లోపల నిలవదు, నిలవదు కనుక జ్వరం, గడ్డ రావు. ఈ మాట అర్థమయ్యాక నాకు సగం భయం పోయింది. ప్రతిసారీ చెంబుడు నీళ్లతో కడుక్కుని, పాత నూలుచీర ముక్కతో అద్దుకుంటాను. వాసన సబ్బులు వాడను. మొదట కట్టిన దారం ముడి కొస గట్టిగా ఉండి, సత్యనారాయణ వ్రతానికి పీట మీద కూర్చుంటే సూదిలా గుచ్చుకునేది. కథ ఐదు అధ్యాయాలూ ఒక తుంటి మీద బరువు వేసి విన్నాను. తరువాత మార్చినప్పుడు డాక్టరమ్మను అడిగి, ముడి వేయకుండా రెండు కొసలనూ పట్టుదారంతో పక్కపక్కనే కట్టించుకున్నాను. ఆ ఒక్క మార్పుతో నా బతుకు ఎంత తేలికైందో చెప్పలేను. ఇలాంటి చిన్న సంగతులు ఆస్పత్రిలో ఎవరూ తమంతట తాము చెప్పరు.

దారంతో బతకడం చేతకానితనమనీ, వైద్యం మానేయడమనీ మా అత్తగారితో సహా అందరూ అన్నారు. నేను అలా అనుకోవడం లేదు. ఏటా వెళ్లి చూపించుకుంటున్నాను, దారం మార్పించుకుంటున్నాను. ఏళ్ల తరబడి మానని ఫిస్టులాలో చాలా అరుదుగా క్యాన్సర్ వచ్చే అవకాశం ఉందని చెప్పారు గనుక, ఏ కొత్త గడ్డ తగిలినా, రక్తం కనిపించినా ఆలస్యం చేయను. కానీ నేను నా పిల్లల పెళ్లిళ్లలో పది మంది మధ్య ధైర్యంగా కూర్చోవాలి. చీము తడిని ప్యాడ్ దాచుతుంది, పట్టు పోతే దాన్ని దాచేది ఏదీ లేదు.

హైదరాబాద్ ఉద్యోగి

నాకు మూడోసారే నిలిచింది, నాలుగేళ్లయింది. అందుకని అక్కగారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను. ఆమె పరిస్థితి వేరు, ముందువైపు కండరం సన్నం. మాస్టారికి ఇంకా దాదాపు ఇరవై ఏళ్ల ఉద్యోగం ఉంది. ఇరవై ఏళ్లు ఒక చేత్తో తలుపు పట్టుకోమని చెప్పడం సులువా? నాకు కూడా అరవై అనే చెప్పారు. మిగతా నలభైలో పడ్డా దారం దగ్గరికే తిరిగి వస్తాననుకుని వెళ్లాను. కండరాన్ని కోయని పద్ధతి అయితే ఓడిపోయినా చాలామంది మొదటి స్థితికే వస్తారు. అది కోసే పద్ధతికీ దీనికీ ఉన్న పెద్ద తేడా, దాన్ని చర్చలో ఎవరూ విడిగా చెప్పలేదని నా బాధ.

కరీంనగర్ సభ్యుడు

మా నాన్నగారు లారీ డ్రైవరు. తొమ్మిదేళ్లలో నాలుగు ఆపరేషన్లు జరిగాయి, ప్రతిసారీ కొన్ని నెలలకు కొత్త రంధ్రం. కూర్చుని బండి నడపడం వల్లే మానడం లేదని అందరూ ఆయననే తప్పుపట్టారు, ఆయన కూడా అదే నమ్మి లారీ అమ్మేశారు. ఐదోసారి చూసిన సర్జన్, సొరంగం నుంచి తీసిన ముక్కను క్షయ పరీక్షకు పంపితే టి.బి. అని తేలింది. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మందులు ఆరు నెలలు వాడాక, అంతవరకు మానని పుండు మానింది. అంతకుముందు నాలుగుసార్లు తీసిన ముక్కల్లో ఒక్కటి కూడా ల్యాబుకు పోలేదు. మాస్టారూ, మీ రెండు ఆపరేషన్లలో తీసిన ముక్కల రిపోర్టులు మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే దారమా, కత్తా అన్న చర్చంతా పక్కన పెట్టి ముందు అది కనుక్కోండి. పేగుల్లో వచ్చే క్రోన్స్ వ్యాధి వల్ల కూడా ఇలాగే తిరగబెడుతుందని, అందులో ఆపరేషన్ కంటే ముందు మందులతో దాన్ని అదుపు చేయాలని అప్పుడే మాకు చెప్పారు.

శల్యతంత్ర వైద్యుడు, విజయవాడ

కరీంనగర్ సోదరుని మాటకు నమస్కరిస్తున్నాను. క్షయ ఉన్నచోట క్షారసూత్రం కూడా నిలవదు. గుంటూరు సర్జన్ గారు చెప్పిన ఎత్తు సంగతి కూడా ఒప్పుకుంటున్నాను. ఎం.ఆర్.ఐ. చూడకుండా నా మొదటి సలహా తొందరపాటే. అయితే పైస్థాయి సొరంగాలకు మేము దారాన్ని మొత్తం పొడవునా కట్టకుండా, కండరాల మధ్య నుంచి దగ్గర దారి తెరిచి, గ్రంథి ఉన్న భాగానికి మాత్రమే కట్టే విధానం కూడా ఉంది. మాస్టారు కొత్త చిత్రం తీయించాక ఆ మార్గం కూడా అడిగి చూడమని కోరుతున్నాను.

ఖమ్మం మాస్టారు

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రెండు ఆస్పత్రులకూ ఫోన్ చేశాను. మొదటి చోట కాగితాలే దొరకలేదు. రెండో చోట, ముక్కను పరీక్షకు పంపిన దాఖలా లేదని చెప్పారు. నాలుగేళ్లు నా ఒంటినే తప్పుపట్టుకున్నాను, ఈ ప్రశ్న అడగాలని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు.

కనుక మూడో ఆపరేషన్ సంగతి ప్రస్తుతానికి వాయిదా వేశాను. వచ్చే నెల దారం మార్చేటప్పుడు సొరంగం గోడ నుంచి ముక్క తీసి క్షయ పరీక్షకు పంపమని సర్జన్ గారిని అడిగాను, వెంటనే ఒప్పుకున్నారు. కొత్త ఎం.ఆర్.ఐ. కూడా ఆ వారంలోనే. భీమవరం చెల్లెమ్మ చెప్పిన పట్టుదారం సంగతి కాగితం మీద రాసుకున్నాను, ఆ కాగితం మీదే గుంటూరు పెద్దలు చెప్పిన నాలుగు ప్రశ్నలూ ఉన్నాయి. రిపోర్టులు రాగానే ఇక్కడే వివరాలు పెడతాను. వేసవి సెలవులకు ముందు ఒక నిర్ణయానికి రావాలి.

ఈ చర్చ మొత్తం నిన్న రాత్రి మా ఆవిడకు చదివి వినిపించాను. గడియ లేని తలుపు దగ్గర ఆపేసింది, చాలాసేపు మాట్లాడలేదు. ఇంతకాలం ఆమెను ఆస్పత్రి బెంచీ మీద కూర్చోబెట్టి నేనొక్కడినే లోపలికి వెళ్లేవాడిని. ఈసారి డాక్టరు గదిలోకి తానూ వస్తానంది.