స్వస్థత రాకపోతే అది మా విశ్వాసంలో లోపమేనా?

ఆవగింజ:
అందరికీ వందనాలు. మా తమ్ముడు పోయి పదకొండు నెలలైంది. రెండు కిడ్నీలూ పాడై రెండున్నరేళ్లు డయాలసిస్ మీద ఉన్నాడు. వారానికి మూడుసార్లు, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు. ఆ నాలుగు గంటలూ నేను బయట బల్ల మీద కూర్చుని ప్రార్థన చేసేదాన్ని. అమ్మ నలభై రోజులు ఒంటిపూట ఉపవాసం ఉంది. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఉన్నట్టే సంఘ పెద్దలు వచ్చి నూనె రాసి ప్రార్థించారు. అయినా పోయాడు. ముప్ఫై నాలుగేళ్లు వాడికి.

వాడు పోయాక మమ్మల్ని ఓదార్చడానికి పెట్టిన ఆదరణ కూటంలో వాక్యం చెప్పడానికి వచ్చిన ఒకాయన అమ్మ ఎదురుగానే అన్నాడు: "ఇంట్లో ఎవరో సందేహించి ఉంటారు, అందుకే కార్యం జరగలేదు." ఆ సందేహించింది తనే అని అమ్మ ఆ రోజే తేల్చుకుంది. ఏ రాత్రి ఏం అనుమానపడ్డానా అని ఇప్పటికీ వెతుక్కుంటోంది. అన్నం సరిగ్గా తినదు. తమ్ముడు పోయినందుకు ఏడ్చే హక్కు కూడా లేనట్టు ఉంటోంది.

ఆ మాట వాక్యానికే విరుద్ధమని నేనంటాను. పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు ప్రభువును వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది గానీ ముల్లు పోలేదు. అదే పౌలు, త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చానని 2 తిమోతి 4:20లో రాశాడు. ఎవరి చేతిగుడ్డలు తెచ్చి వేస్తే రోగులు బాగయ్యారో, ఆయనే తోటి పనివాణ్ని మంచం మీద వదిలి రావాల్సి వచ్చింది. త్రోఫిముకు విశ్వాసం చాలలేదని ఒక్క ముక్క రాయలేదు. సిలువకు ముందు గెత్సేమనే తోటలో ప్రభువే ఆ శ్రమల గిన్నె తొలగించమని మూడుసార్లు అడిగాడు. ఆయన కూడా సందేహించాడంటారా?

విజయవాడ సహోదరుడు:
సిస్టర్, మీ దుఃఖం ముందు వాదించడం కష్టంగానే ఉంది. కానీ మార్కు 11:24ని ఏం చేద్దాం? "అడుగుచున్న వాటినెల్లను పొందియున్నామని నమ్ముడి" అన్నది ప్రభువు నోటి మాట. వాళ్ల అవిశ్వాసాన్ని బట్టే సొంత ఊళ్లో ఎక్కువ అద్భుతాలు చేయలేదని మత్తయి 13:58లో ఉంది. విశ్వాసానికీ జవాబుకీ సంబంధమే లేదంటే ఈ రెండు వచనాలూ కొట్టేయాలి. మా పాప నెలలు నిండకుండా పుట్టి ఇంక్యుబేటర్‌లో ఉన్నప్పుడు నేను ఆ మార్కు వచనం పట్టుకునే నిలబడ్డాను. ఇప్పుడు రెండో తరగతి. నా సాక్ష్యం నేను దాచుకోలేను. "ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు" అని నేర్పితే జనం మనసు పెట్టి అడగడమే మానేస్తారు.

ఒకప్పటి విశ్వాసి:
బాగైతే దేవునికి మహిమ, బాగుకాకపోతే మన తప్పు. ఈ లెక్కలో తప్పు ఎప్పుడూ మన ఖాతాలోనే పడుతుంది. మా నాన్న పోయాక అందులో ఉండలేక బయటికొచ్చాను. ఇప్పుడు గుడికి వెళ్లను.

గుండ్లకమ్మ:
అమ్మా, నేను ఒంగోల్లో చాలా ఏళ్లు సండే స్కూల్ టీచరుగా చేశాను. మా ప్రార్థన కొండ సంగతి చెప్పనీ. 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికన్ మిషనరీ జూవెట్ దొర, ఆయన భార్య, కొందరు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఒంగోలుకు ఒక సేవకుణ్ని పంపమని అడిగారు. అప్పటికే నెల్లూరు మిషన్‌లో ఫలం కనబడక, మూసేద్దామని అమెరికాలో చర్చలు నడుస్తున్నాయి. అడిగిన ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చింది 1866లో. పన్నెండేళ్లు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆలస్యమంటే కాదనడం కాదమ్మా. ఆయన సమయం వేరు.

ఆవగింజ:
మాస్టారూ, ఆ కథ వింటూనే పెరిగాను, నాకూ ఇష్టమే. కానీ ఆ 1878కి ముందు రెండేళ్లు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి కదా. 1876లో మొదలైన కరువు. క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ కాలువ దగ్గరికి నడిచొస్తూ దారిలో పోయినవాళ్లలో ప్రార్థించినవాళ్లు లేరా? వాళ్లకు ఆలస్యం ఏముంది, వాళ్ల సమయం అయిపోయింది. మిషన్ వేచి ఉండగలదు. మా తమ్ముడి రక్తంలో పెరిగే క్రియాటినిన్ అనే వ్యర్థం వేచి ఉండలేదు. అందుకే కొండ కథ మా అమ్మకు చెప్పలేకపోయాను.

సహోదరుడు గారూ, మీ పాప సాక్ష్యం దాచుకోమని నేను అనను. మీరు చూపిన ఆ మార్కులోనే 9వ అధ్యాయం కూడా చూడండి. దయ్యం పట్టిన పిల్లాడి తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అన్నాడు. సగం సందేహంతోనే అడిగాడు, అందరి ముందూ ఒప్పుకున్నాడు. పిల్లాడు బాగయ్యాడు. మరి ఇంత నమ్మితేనే అని మనం కొలత పెట్టడం ఎక్కడిది?

ఒకప్పటి విశ్వాసి గారూ, ఆ లెక్కను నేనూ నమ్మను. నేను ఆ లెక్కను వదిలేశాను, ప్రభువును వదల్లేకపోతున్నాను. ఎందుకని అడిగితే నా దగ్గర పెద్ద జవాబు లేదు. తిట్టుకోవడానికైనా ఆయన దగ్గరికే వెళుతున్నాను.

విజయవాడ సహోదరుడు:
మార్కు 11:24ని నేను వదలను సిస్టర్. కానీ కూటంలో వాక్యం చెప్పినాయన ఆ మాట మీ అమ్మగారి ముందు అని ఉండాల్సింది కాదు. ఆ కూటంలో నేనుంటే నేనూ మౌనంగానే ఉండేవాడినేమో అని రాత్రంతా అనిపించింది.

గుండ్లకమ్మ:
కరువులో పోయినవాళ్ల సంగతి మా క్లాసులో ఎప్పుడూ అడగలేదమ్మా, నేనూ చెప్పలేదు. మీ అమ్మగారు ఎలా ఉన్నారు?

ఆవగింజ:
మొన్న ఆదివారం గుడికి రానంది. పక్కన కూర్చుని 88వ కీర్తన చదివాను. మిగతా మొర కీర్తనలు చాలావరకు చివర్లో స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆగిపోతుంది. అమ్మ నా చేతిలోంచి బైబిల్ తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని, ఆ లైను మీద వేలు పెట్టి చూసింది. "ఇది నిజంగా ఇందులోనే ఉందా?" అంది. మళ్లీ మొదటి నుంచి చదవమంది. చదివాను. ఆ మధ్యాహ్నం వాడి ఫోటో ముందు కూర్చుని గట్టిగా ఏడ్చింది.