చిన్నాన్న గొంతున్న క్యాసెట్‌కు బూజు పట్టింది, కడప దగ్గర ఎవరైనా కంప్యూటర్‌లోకి ఎక్కించగలరా?

డౌన్ సిండ్రోమ్‌తో బతికిన మా చిన్నాన్న గొంతు మిగిలింది ఒక్క 60 నిమిషాల క్యాసెట్‌లోనే. మార్చి 21న, 21వ క్రోమోజోము మూడు ఉండడాన్ని గుర్తుచేసే ప్రపంచ డౌన్ సిండ్రోమ్ దినం నాడు, ఇంట్లో అందరికీ వినిపించాలని ఉంది.

టేపు చుట్ట అంచున తెల్లటి బూజు. అందుకే ప్లేయర్‌లో పెట్టలేదు. ప్లేయర్‌లో టేపును చదివే హెడ్డుకు బూజు అంటుకుంటే శబ్దం మసకబారుతుంది, తర్వాత పెట్టే క్యాసెట్లకూ పాకుతుంది. టేపును హెడ్డుకు అదిమిపట్టే చిన్న ఫెల్టు ముక్క కూడా ఊడిపోయింది. అదృష్టం కొద్దీ డబ్బాకు అయిదు స్క్రూలున్నాయి, చుట్టలు రెండూ తీసి మంచి డబ్బాలోకి మార్చొచ్చు. అతికించిన రకమైతే పగలగొట్టాల్సి వచ్చేది.

బూజును పొడి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలా, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలా? కడపలోగానీ ప్రొద్దుటూరులోగానీ హెడ్డు కోణం సరిచేసి, నాణ్యత తగ్గని 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ (WAV) ఆడియో ఫైలుగా ఎక్కించేవాళ్లున్నారా? గరగర తీసే ఫిల్టర్ మాత్రం అసలు ఫైలు మీద వేయొద్దు. చిన్నాన్న మాట ముద్దగా ఉంటుంది. "స" పలికేచోట వచ్చే గాలి శబ్దాన్ని ఫిల్టర్ గరగర అనుకుని కోసేస్తే ఆ మాటే పోతుంది. శుభ్రం చేసింది వేరే కాపీగా ఉండాలి.

కొరియర్‌లో పంపే ధైర్యం లేదు, దగ్గరుండి చేయించుకుంటాం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి.